ఊద్‌కు కట్టిన మెట్లు

ఆ ఇంట్లో వాయించేవాళ్ళం ముగ్గురమే. లోపలి గదిలో మంచం పట్టిన ముసలావిడకు మాత్రం నాలుగో మనిషి వినిపించేది.

డెబ్భైల మధ్యలో మాట. ఇల్లు గవర్నర్‌పేటలో, లాడ్జీల వెనక సందులో. అది శాక్సఫోన్ మాస్టారిది. చర్చి బ్యాండులో క్లారినెట్ నేర్చుకుని, రైల్వేవాళ్ళ క్లబ్బులో డాన్సులకు వాయిస్తూ జాజ్ ఒంటబట్టించుకున్న మనిషి. పగలు బళ్ళో లెక్కలు చెప్పేవాడు. నేను బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాని; చిన్నప్పటి నుంచీ వయొలిన్ నేర్చుకున్నవాణ్ణి. మూడో అతన్ని భాయ్ అనేవాళ్ళం. ఓడల్లో వంటపనికి పోయి, బస్రాలో కొన్నేళ్ళుండి, అక్కడే పెళ్ళి చేసుకుని, భార్య చనిపోయాక ఒక్కడే తిరిగొచ్చాడు. వెంట తెచ్చుకున్నది ఆవిడ తండ్రి వాయించిన ఊద్ అనే అరబ్బుల తీగల వాయిద్యం ఒక్కటే. సగానికి కోసిన గుమ్మడికాయ లాంటి బొజ్జ, వెనక్కి విరిగినట్టున్న పొట్టి మెడ. వీణకున్నట్టు దానికి మెట్లుండవు. వేలు ఎక్కడ ఆనితే అక్కడే స్వరం. భాయ్ ఉండే లాడ్జి గదిలో నలుగురు పడుకునేవాళ్ళు కాబట్టి దాన్ని మాస్టారింట్లోనే ఉంచేవాడు.

ఆదివారం మాస్టారు చర్చి నుంచి వచ్చి భోంచేశాక కూర్చునేవాళ్ళం. భాయ్ ఒక వరస ఎత్తుకుంటే నేను దాన్ని ఆలాపనలా సాగదీసేవాణ్ణి. మాస్టారు మధ్యలో దూరి దాన్ని మాకు తెలియని వీధుల్లోకి లాక్కుపోయేవాడు. అలా మాకంటూ కొన్ని పాటలు తయారయ్యాయి. వాటిలో ఒకటి భాయ్ భార్య కూనిరాగం తీసే వరస మీద కట్టింది. ఆ వరస ఒక గాంధారం మీద చాలాసేపు నిలబడుతుంది. నా చదువులో గాంధారమంటే సాధారణమో అంతరమో, ఏదో ఒకటి. అతని వేలు నేనెరిగిన రెంటికీ నడుమ, ఏ పేరూ లేని చోట ఆనేది.

"భాయ్, అది అపస్వరం," అనేవాణ్ణి.

"పంతులుగారూ, మీ వేలికి రైలు పట్టాలు కావాలండీ. నాది పడవ," అని నవ్వేవాడు. సంగీతం చదువుకున్నవాణ్ణని నన్ను పంతులుగారనేవాడు.

"పడవైతే కాలవలో వేసుకోమను. ఇక్కడ నా ఇల్లు మునిగిపోతోంది," అనేవాడు మాస్టారు.

నేను నా గాంధారం వదిలేవాణ్ణి కాదు. భాయ్ తనది వదిలేవాడు కాదు. మాస్టారు మా ఇద్దరి మధ్యా ఊదేవాడు. రెండు స్వరాలు దగ్గరగా ఉండి కూడా ఒకటి కాకపోతే వాటి మధ్య గాలి వణుకుతుంది. తంబూరా శ్రుతి చేసే ఎవరికైనా ఇది తెలుసు. అయితే మా మధ్య పుట్టింది ఉత్త వణుకులా ఉండేది కాదు. గోడలోంచి వస్తున్నట్టు, కిందుగా, నోరు మూసుకుని పాడుతున్న గొంతులా ఉండేది.

మొదటిసారి అది వచ్చినప్పుడు లోపలి నుంచి మాస్టారి తల్లి కేకేసింది. ఆవిడకు చూపు పోయి చాలాకాలమైంది.

"ఒరేయ్, ఇవాళ నలుగురొచ్చారేంట్రా?"

"ముగ్గురమేనమ్మా."

"ఆ పాడే అమ్మాయో?"

మాస్టారు నవ్వేశాడు. ఆవిడ మళ్ళీ అంది: "బాగానే పాడుతోంది గానీ, ఊపిరి తీసుకోదేంట్రా ఆ పిల్ల?"

భాయ్ చేతిలోని ఊద్ ఆగిపోయింది. ఆయాసంతో పోయిందతని భార్య. ఆ సంగతి మాస్టారికీ నాకే తెలుసు, ముసలావిడకెవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి భాయ్ ఆదివారం ఆదివారం ఆ పాట కోసమే వచ్చేవాడు. ఆ స్వరం మీద ఊద్ తీగెను ఆపకుండా మీటుతూ, కళ్ళు మూసుకుని, గోడవైపు చెవి పెట్టి కూర్చునేవాడు. అతనికి ఆమె వినపడే చోటు లోకంలో అదొక్కటే. నాకా సంగతి తెలుసు. తెలిసే చేశాను.

ఉయ్యూరులో చెరకు రైతుల ఇంట పెళ్ళికి మమ్మల్ని వాయించమని పిలిచారు. దానికి నాకు వయొలిన్ నేర్పిన గురువుగారు వస్తున్నారని తెలిసింది. ఆయన ముందు ఆ గాంధారం వినపడితే నా పరువు పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. నూజివీడులో మా మేనమామ వీణలు చేసేవాడు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, కరిగించి, దండి అనే వీణ మెడ మీద మెట్లు నిలబెట్టడం ఆయన దగ్గర చూసి నేర్చుకున్నాను. ఒకరోజు కొట్టుకు సెలవు పెట్టి, మధ్యాహ్నం వేళ మైనమూ ఇత్తడి ముక్కలూ పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను. ఆయన బళ్ళో ఉన్నాడు. ముసలావిడ ఒక్కతే ఉంది.

ఊద్ ఒళ్ళో పెట్టుకుని మెడ మీద వేడి మైనం పోశాను. సందులో మనిషి అలికిడి లేదు. కిటికీలోంచి ఎండ నా చేతుల మీద పడుతోంది.

"ఎవరు నాయనా?" అంది లోపలి నుంచి.

"నేనేనండీ, వయొలిన్ అబ్బాయిని."

"నీ పక్కన?"

"ఎవరూ లేరండీ."

"ఉందిగా నాయనా. ఇందాకటి నుంచీ నిలబడే ఉంది. పాడదేం ఇవాళ?"

నేను పక్కకు చూడలేదు. మైనం గట్టిపడేదాకా తలెత్తలేదు.

ఆదివారం భాయ్ ఊద్ మెడ తడిమి, "ఏంటండీ ఇది?" అన్నాడు.

"ఒక్క ప్రోగ్రాముకే భాయ్. మా గురువుగారు తలూపితే మన ముగ్గురికీ పెద్ద స్టేజీలు దొరుకుతాయి. తర్వాత నేనే తీసేస్తాను."

మాస్టారు నావైపు కోపంగా చూశాడు గానీ, స్టేజీ అనేసరికి ఆయనా శాక్సఫోన్ అందుకున్నాడు. భాయ్ మెట్ల మీద వేలు పెట్టి ఒకసారి పైకీ కిందికీ నడిపించాడు. "సరేనండీ, ఒక్కటే," అన్నాడు.

ఉయ్యూరులో గురువుగారు తలూపారు. పెళ్ళివారు మెచ్చుకున్నారు. చల్లపల్లి నుంచి ఇంకొకరు పిలిచారు. పెళ్ళిళ్ళ సీజనంతా పిలుపులు వస్తూనే ఉన్నాయి. భాయ్ అడిగినప్పుడల్లా, "ఇదొక్కటి కానివ్వండి" అన్నాను. స్వరాలన్నీ సరిగ్గా కలిశాయి. గాలి వణకలేదు. ఆ ఎండాకాలం పొడుగునా ముసలావిడ లోపలి నుంచి అడుగుతూనే ఉంది: "ఆ అమ్మాయిని ఏం చేశార్రా?"

వానలు మొదలయ్యాక భాయ్ ఇక నన్ను అడగలేదు. తనే కత్తి వేడి చేసి మైనమంతా గీకేశాడు. చెక్క మీద నల్లటి మరకలు మిగిలాయి. కూర్చుని ఆ వరస ఎత్తుకున్నాడు. గాంధారం దగ్గరికి రాగానే వేలు నేను మెట్టు నిలబెట్టిన చోటికే వెళ్ళి ఆగింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడికే వెళ్ళింది. పక్కకు జరిపితే ఏదో స్వరం పలికింది. అతని మొహం చూస్తే అది కాదని తెలుస్తూనే ఉంది.

చాలాసేపటికి నావైపు తిరిగాడు.

"పంతులుగారూ, అది తప్పని మొదట అన్నది మీరే. ఎంత తప్పో చూపించండి. అక్కడ పెడతాను వేలు."

వయొలిన్ తీసుకున్నాను. నా గాంధారం మీది నుంచి వేలు కొంచెం జార్చాను.

"ఇదా?"

"కాదండీ."

"ఇదేమో?"

"కాదు."

అన్ని ఆదివారాలు విన్నాను. ఒక్కసారైనా ఆ స్వరం ఎక్కడుందని వినలేదు, నా గాంధారం కాదని మాత్రమే విన్నాను. జార్చుతూ పోయాను. భాయ్ నా వెంట మీటుతూ వచ్చాడు. మాస్టారు ఉండబట్టలేక శాక్సఫోన్ అందుకుని సన్నగా ఊదాడు. ఒకచోట గాలి వణికింది. గోడలోంచి గొంతు లేచింది. భాయ్ కళ్ళు మూసుకున్నాడు.

"ఆపండయ్యా," అంది ముసలావిడ. ఆవిడ గొంతులో భయం నేను వినడం అదే మొదలు. "ఆ అమ్మాయి కాదు. ఎవరో మగాడొచ్చాడు."

ఆపేశాం. ఆపిన తర్వాత కూడా అది కాసేపు వినపడింది.

అప్పుడు చెప్పాను. గురువుగారి పేరు అడ్డం పెట్టుకున్నానని, అసలు ఆ గొంతంటేనే నాకు మొదటి రోజు నుంచీ భయమని, అది మళ్ళీ రాకూడదనే మెట్లు కట్టానని. మాస్టారు తల దించుకున్నాడు. భాయ్ నన్ను తిడతాడనుకున్నాను.

"భయం నాకూ ఉండేదండీ," అన్నాడు. "భయపడుతూనే వచ్చేవాణ్ణి."

ఊద్ మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, నల్లటి మరకల మీద వేలు ఆనించి, నన్ను కానివ్వమన్నట్టు చూశాడు. లోపల ముసలావిడ ప్రార్థన మొదలుపెట్టింది. నేను వయొలిన్ కమాను ఎత్తాను. ఏ గొంతు వస్తుందో తెలియకుండానే, సాయంత్రం దాకా, ఒక్కొక్క చోటే అడుగుతూ పోయాను.

"ఇదా?"

"కాదండీ."