సూపర్‌వైజరు మర్యాద

ఉదయం ఏడింటికి లాండ్రీలో అడుగుపెట్టిన సూపర్‌వైజరు, కనిపించిన ప్రతి మనిషికీ ‘గారు’ తగిలించుకుంటూ పోయాడు. తొమ్మిదయ్యేసరికి అతనితో మాట్లాడే మనిషి లేడు.

నెల కిందటి దాకా అతనూ ఇస్త్రీ పనివాడే. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతికి పంపే లాండ్రీ అది. పాత సూపర్‌వైజరు మానేస్తే, గట్టిగా మాట్లాడతాడు కదా అని యజమానురాలు ఇతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ గొంతు యంత్రాల రొదలో పనిచేసి వచ్చిన అలవాటని ఆవిడకు తెలియదు. అతను చెప్పనూ లేదు. మొన్న ఆవిడే ఒకరోజు శిక్షణకు పంపింది. ‘పనివాళ్లను గౌరవించండి, మీరు అనండి, మీ సేవలు విలువైనవి అని నోరారా చెప్పండి’ అన్నాడక్కడ టై కట్టుకున్నాయన. మనవాడికి తెగ నచ్చేసింది. పైసా ఖర్చు లేని పని మరి.

పెద్దక్క రోలరు దగ్గర ఉంది. తడి దుప్పటి ఇటు పెడితే ఇస్త్రీ అయి అటు వచ్చే ఆ యంత్రం ముందు ఏళ్ల తరబడి నిలబడుతున్నది ఆమే. అతనికి పని నేర్పింది, చెయ్యి కాల్చుకుంటే తిట్టి మందు రాసింది. నిన్నటి దాకా ఆమె ‘అక్క’, ‘నువ్వు’.

“నమస్కారం పెద్దక్క గారూ! మీరు బాగున్నారా?”

ఆమె చేతిలోని దుప్పటి మడతలు పడి రోలరులోకి పోయింది.

“ఏమైందిరా?”

“ఏం కాలేదండీ. మీ సేవలు మాకు చాలా విలువైనవి.”

ఆమె ముఖం పాలిపోయింది. అతనది ఆనందం అనుకున్నాడు. ఆ తర్వాత హాల్లో ఎక్కడా మాటా పలుకూ లేదు, తలలు వంచుకుని పనే పని. క్రమశిక్షణంటే ఇదీ అని మురిసిపోయాడు. పనివాళ్ల భుజం తట్టమని కూడా చెప్పారు గానీ, ఎవరూ దగ్గరికి రానివ్వకపోవడంతో ఆ భుజమేదో తనదే తట్టుకున్నాడు.

మధ్యాహ్నం బాయిలర్ దగ్గర పనిచేసే తాత అతన్ని పక్కకు లాగాడు.

“ఎంతమందిని తీసేస్తున్నార్రా?”

“తియ్యడమేంటి తాతా?”

“మరి ఈ గారూ, మీరూ ఏంటి? పాతాయన ఎప్పుడన్నా ఎవర్నన్నా ‘మీరు’ అన్నాడా, గేటు చూపించే రోజు తప్ప? మీ సేవలు విలువైనవి అనేవాడు, సాయంత్రానికి మనిషి ఉండేవాడు కాదు. పెద్దక్క పక్కవీధి లాండ్రీలో పని అడగడానికి పోయింది. ఆమె పోతే రోలరు వాళ్లు నలుగురూ పోతారు.”

సూపర్‌వైజరు లెక్క వేసుకున్నాడు. రేపు పొద్దున్నే ఆసుపత్రి దుప్పట్లు వెళ్లాలి. రోలరు ఆగితే ముందు ఊడేది తన కుర్చీయే. పాతాయన మాటల అర్థం తనకు తెలియనిదా? తెలుసు. టై చూసి మర్చిపోయాడు.

పరుగెత్తాడు. పెద్దక్క వీధి మలుపులో ఎదురొచ్చింది.

“పెద్దక్క గారూ, ఒక్క నిమిషం!” ఒక్క పూటకే నోరు అలవాటు పడిపోయింది.

“నడిరోడ్డు మీద కూడా గారేనా?”

“కాదక్కా, మర్యాద ఇద్దామని…”

“ఎవడడిగాడ్రా నీ మర్యాద?”

“శిక్షణలో చెప్పారు.”

“మనుషులకేం కావాలో అడగమని చెప్పలేదా?”

“చెప్పే ఉంటారు. భోజనమయ్యాక నేను కునుకు తీశాను.”

పెద్దక్కకు నవ్వొచ్చింది. పెదవి బిగించి ఆపుకుంది.

“రోలరు పక్కన ఆవిరి లాగే ఫ్యాను చెడిపోయి ఎన్నాళ్లయింది? నాతో పాటు నువ్వూ అక్కడ ఉడికినవాడివే. కుర్చీ ఎక్కగానే చెమట ఆరిపోయిందా?”

ఆరిపోయింది. కుర్చీకి పైన కొత్త ఫ్యాను ఉంది మరి.

“వేయిస్తానక్కా. నువ్వు రా.”

“అది తిరిగాక వస్తా. సోమవారం దాకా చూస్తా. పక్కవీధిలో ఫ్యాను తిరుగుతోంది, ఇప్పుడే చూసొచ్చా.”

అతను తిన్నగా యజమానురాలి గదికి వెళ్లాడు.

“గౌరవం ఇమ్మంటే నాకు ఖర్చు తెస్తావేంటయ్యా?” అందావిడ.

“ఫ్యాను లేకపోతే పెద్దక్క రాదమ్మా. ఆమె లేకపోతే ఆ నలుగురూ ఉండరు. ఆసుపత్రి దుప్పట్లు రోలరులో మీరూ నేనూ వెయ్యాలి.”

ఆవిడ తన చీర వంక, అతని చేతుల వంక చూసి, ఫోను తీసి మెకానిక్కును పిలిచింది.

ఫ్యాను శనివారం బిగిస్తారు. ఆ కబురు విని నలుగురూ ఆగారు. అంతదాకా పెద్దక్క చోట సూపర్‌వైజరే నిలబడాలి. నెల రోజుల కుర్చీకే చేతులు మొద్దుబారాయి.

“అంచు పట్టుకోవయ్యా, అంచు!” అని అవతలి వైపు నుంచి నలుగురూ అరుస్తూనే ఉన్నారు.

మొదటి రోజు సాయంత్రానికి కాలిన దుప్పట్లు మూడు.