చెమ్మ అని చెప్పిన వడ్రంగి

“బావగారూ, చెమ్మకి తలుపు ఉబ్బితే గడియ ఊడొస్తుందా?”

తమ్ముడి భార్య ఇలా అడిగితే అంగుళం తల వంచుకుని ఆమె పడగ్గది తలుపుకు స్క్రూలు బిగిస్తూ ఉండిపోయాడు. అంగుళం అంటే ఆ వీధి వడ్రంగి. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా చేసిన బల్లను మళ్లీ విప్పేసే మనిషి కనుక ఆ పేరు. చెమ్మకి ఉబ్బిన తలుపు బిగుసుకుంటుంది, అంచు చిత్రిక పడితే సరిపోతుంది. లోపల వేసుకున్న గడియ స్క్రూలతో సహా పెళ్లగించుకు రావాలంటే బయటినుంచి ఎవరో తన్నాలి. ఇది ఆయనకు తెలియదంటే పనివాళ్లు నవ్విపోతారు.

తెలిసీ ఆరేళ్లు “చెమ్మ” అన్నాడు. తల్లి “వాడికి కోపం ఎక్కువ గానీ మనసు వెన్న” అనేది. మేనమామ “పని ఒత్తిడి” అనేవాడు. ఇంటిల్లిపాదీ తలో సాకు పంచుకుంటే ఈయన వంతుకు వాతావరణం వచ్చింది. పైగా ప్రతిసారీ ఇంకాస్త లావుపాటి గడియ బిగించి, మరదలికి మేలు చేశాననుకునేవాడు. కుటుంబ గౌరవమని ముద్దుగా పిలిచేది చాలాసార్లు ఇలాంటి మరమ్మతు పనే.

ఆ రోజు ఆమె వదల్లేదు. కట్టు కట్టిన చెయ్యి చాపి, “మరి దీన్ని ఎక్కడ చిత్రిక పడతారు?” అంది.

వారం తర్వాత ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. వేరే చోట గది అద్దెకు తీసుకుని ఉంటానంది ఆమె. పంపాలా వద్దా అన్నది తగువు.

“కొట్టాడని ఎవరు చూశారమ్మా? అంతా నీ నోటి మాటేగా,” అన్నాడు మేనమామ.

అంగుళం లేచి వెళ్లి తన పనిసంచి తెచ్చి బల్లమీద గుమ్మరించాడు. వంకర్లు పోయిన గడియలు అయిదు. పాత ఇనుము పారేసే అలవాటు లేదాయనకు.

“మావయ్యా, ఇవన్నీ వీడు తన్నితే ఊడినవే. చెమ్మ అన్నది నేనే. అబద్ధం.”

“ఒరేయ్, తోడబుట్టినవాడి మీద సాక్ష్యమా?” తల్లి గొంతు లేచింది.

“ఆరేళ్లూ వాడి తరఫునే చెప్పానుగా అమ్మా.”

తమ్ముడు ఉండబట్టలేక, “మొగుణ్ణి బయట నిలబెట్టి గడియ పెట్టుకుంటే ఎవడికైనా ఒళ్లు మండదా?” అన్నాడు. ఆ తర్వాత మేనమామకు అడగడానికేమీ మిగల్లేదు. ఆమె సాయంత్రానికే బట్టలు సర్దుకుంది.

ఆయన్ని మెచ్చుకోవడానికి ఆ ఆరేళ్లు మరిచిపోనక్కర్లేదు. తన పనితనాన్నే అబద్ధానికి వాడానని నలుగురిలో ఒప్పుకునేవాళ్లు ఎంతమంది? తల్లి మాట్లాడడం మానేసింది. ఆయన మాత్రం అన్న మాట మార్చలేదు.

గదికి అడ్వాన్సు ఆయనే కట్టి, తిరిగివ్వక్కర్లేదన్నాడు.

“డబ్బిచ్చి చెల్లు వేసుకుందామనా బావగారూ? కుదరదు. ఇది అప్పు.”

మందుల షాపు జీతంలోంచి మూడు నెలలుగా కడుతోంది. ఇంకా తొమ్మిది వేలు ఇవ్వాలి.