టీ బండి ఫొటోలో ముసలమ్మ

ఓ పెద్ద టీపొడి కంపెనీ తన చరిత్రను పుస్తకంగా వేస్తూ తెలంగాణ అధ్యాయం నాకు అప్పగించింది. వాళ్లిచ్చిన ఫొటోలో సాయుధ పోరాటం నాటి జనగామ దగ్గరి పల్లె, వీధిలో ఉచితంగా టీ పంచే కంపెనీ మోటారు బండి, గడప మీద కప్పు పట్టుకున్న ముసలమ్మ. కింద ‘డప్పులతో స్వాగతం, తొలి గుక్క ఆనందం’ అని ఉంది. రజాకార్ల లారీలు తిరిగిన రోజుల్లో మోటారు బండికి డప్పు స్వాగతమా? ఆ అనుమానం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. మర్నాడే పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి. అయినా బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో పొద్దున రైలెక్కితే రెండు గంటల లోపే జనగామ, అక్కడి నుంచి ఆ ఊరికి షేర్ ఆటోలో అరగంట. ఊళ్లో ఓ పెద్దాయన ఫొటోలోని గడపను గుర్తుపట్టాడు. “గిది మల్లవ్వోళ్ల ఇల్లు బిడ్డా. ఆమె ఇప్పుడు మానుకోటల బిడ్డ ఇంట్ల ఉంటది.”

మానుకోట అంటే మహబూబాబాద్. నన్ను నేనే తిట్టుకుంటూ వెనక్కొచ్చి మధ్యాహ్నం రైలు పట్టుకున్నాను. కాజీపేటలో ఆగినంతసేపూ పేజీల కోసం కంపెనీ ఆఫీసు ఫోన్లే. కొన్న ఇడ్లీ పొట్లం విప్పనే లేదు.

స్టేషన్ వెనక వీధిలో మల్లవ్వ దొరికింది. పోరాటం రోజుల్లో ఆమె చిన్నపిల్ల. ఫొటోను కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

“గీమె మా నాయినమ్మ గౌరవ్వ. మోటరు సప్పుడు ఇనవడంగనే రజాకార్లొచ్చిండ్రని డప్పు కొట్టిండ్రు. మేమంత చేన్లల్లకు ఉరికినం. ఆమెకు నడుము పడిపోయె, ఉరుకలేకపోయింది.”

“మరి టీ ఎందుకు తాగింది అవ్వా?”

“విషం పోసిండ్రనుకున్నది. నేను తాగేదాంక వీళ్లు గీడనే ఉంటరు, అంతల పిల్లలు వాగు దాటుతరు అనుకొని ఆగుకుంట ఆగుకుంట తాగిందట. ‘సావు గింత తియ్యగుంటదా’ అని తర్వాత మాకు చెప్పి నవ్వేది.”

నేను నవ్వబోయి ఆగిపోయాను. మల్లవ్వ ఫొటో కింది అక్షరాల మీద వేలు పెట్టింది. “గిండ్ల ఆమె పేరు ఏడున్నది బిడ్డా?”

లేదని చెప్పడానికి సిగ్గేసింది. స్టేషన్‌కొచ్చి ఫొటో కింది మాట మార్చాలని ఫోన్ చేస్తే ఆఫీసాయన, “స్వాగతమంటే బాగుంది కదా మేడమ్, ఇప్పుడెందుకు మార్చడం?” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అంత పెద్ద కంపెనీ ఇన్నేళ్లుగా చూపించుకుంటున్న ఆనందం ఒక ముసలమ్మ ప్రాణభయమని తెలిశాక ఆ మాట నా చేత్తో రాయలేను.

ఇటు వచ్చేవాళ్లు తిరుగు రైలుకు ముందే సీటు రిజర్వు చేయించుకోండి; సాయంత్రం బండ్లు కిక్కిరిసి ఉంటాయి. నేను తలుపు దగ్గర నిలబడే వచ్చాను. నేను రాసింది మారిస్తే నా అధ్యాయమే తీసేయమని చెప్పి, ఫొటో కింద వేయాల్సిన వాక్యం అక్కడి నుంచే పంపాను: ‘గౌరవ్వ. ఊరి పిల్లలు వాగు దాటేదాకా ఈ టీ తాగింది.’