బోర్లేసిన చేపరాయి

మా బా ఇంట్లో చివరగా తిన్నది పాలల్లో నానబెట్టిన జొన్నరొట్టె. బా అంటే మా ఇంటి భాషలో నాన్న. పేరు లచ్చిరాం. నమలడం చేతకాక రొట్టె మెత్తబడేదాకా గిన్నెలో వేలు తిప్పుతూ కూర్చున్నాడు. సగం తిని, మిగిలింది దూడకు పెట్టి, మానుకోట దవాఖానకు పోయే ఆటో ఎక్కాడు. ఎక్కాక కూడా తల బయటపెట్టి, "తానాల బండ కాడికి ఎవ్వరిని రానియ్యకు" అని అమ్మకు చెప్పాడు.

ఆ బండ మీద మేమందరం కాళ్లు కడుక్కుంటాం. దాని అడుగున ఒక చేప ఉంది.

నర్సింహులపేట దగ్గరి మా తండా నుంచి బా ఎండాకాలం కాళేశ్వరం దిక్కు కాలువ పనులకు పోయేవాడు. ఒక ఏడు తిరిగొస్తూ దాన్ని ట్రాక్టర్‌లో వేసుకొచ్చాడు. మూరెడు చేప, రాయిలో రాయైపోయింది. ఒంటినిండా గోరంతేసి పలకలు, ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి. నోరు తెరిచే ఉంది.

"బంగారం పాతినోళ్లు గుర్తుకు చెక్కిన్రా ఏంది?" అని నవ్వింది మా అమ్మ జమ్లీ.

బా నవ్వలేదు. అంతకుముందు గుప్తనిధుల కోసం ఎవరో మా గుట్ట తవ్వితే, పోలీసులు తండా మగవాళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టారు. అందుకే బండను బోర్లేసి, స్నానం చేసే చోట పరిచాడు. అప్పటినుంచి అందరి మీదా అనుమానమే. మేకల బేరగాడి మీద, కరెంటు మీటరు చూసే మనిషి మీద, చివరికి పెండ్లి పిలుపుకొచ్చిన బామ్మర్ది మీద కూడా. "గాడు కాళ్లు రెండుసార్లు కడుక్కున్నడు, చూసినవా బిడ్డా?" అనేవాడు నాతో.

ట్రాక్టర్ నడిపిన దేవ్యా తొర్రూరు హోటల్లో నోరు జారాడు. అది విని, జనగామ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే జగదీష్ సారు వచ్చాడు.

"చేపనా? మా చెరువులనే లేవు సారూ," అన్నాడు బా.

"చూసి పోతడు, నీ పరేషాన్ తీరుతది," అని అమ్మే గడ్డపారతో బండ లేపింది.

సారు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. "లచ్చిరామన్నా, గిది మనుషులు పుట్టకముందు కోట్ల ఏండ్ల నాటిది. ఇంకా ఎంతో ముందటి చేపలకైతే దవడలే లేవు. నోరంటే వట్టి బొక్క. బురద పీల్చి బతికేటివి. మొప్పలకు ఆసరా ఉండే బద్దలు వంగి వంగి దవడలైనయంటరు. ఒంటిమీద ఎముకల కవచమున్న పాత చేపలు గట్ల కొరుకుడు నేర్చినయి. మన దవడ గూడ ఆ వరుసల వచ్చిందే."

బా తన దవడ తడుముకున్నాడు. తంబాకు పెట్టే ఎడమ చెంప ఉబ్బి ఉంది. సారు చూపు రాయి నుంచి అక్కడికి మారింది.

"జర నోరు తెరువన్నా. ఈ పుండు మానుతలేదా? పెద్ద దవాఖానల చూపియ్యాలె. రేపే పోదాం, నేను తోడొస్త."

సారు పోగానే బా బండను మళ్లీ బోర్లేశాడు. "నన్ను దవాఖానల పండవెట్టి రాయి ఎత్తుకపోతడు. ఉత్తపుణ్యానికి గింత మంచోడు ఎవడుంటడు?"

"నీ నోటికన్న రాయే ఎక్కువనా?" అని అమ్మ తిట్టింది. వినలేదు.

సారు మళ్లీ వచ్చాడు. ఆ తరువాతా వచ్చాడు. ఎప్పుడూ దవాఖాన మాటే, రాయి ఊసే ఎత్తలేదు. బాకు అదే ఇంకా అనుమానం. "అడుగుతలేడంటే కన్ను దానిమీదనే ఉన్నది," అనేవాడు. ఈలోపు అన్నం పోయి మెత్తగా ఉడికిన జొన్న గట్క, గట్క పోయి పాలు వచ్చాయి. ఆటో ఎక్కేనాటికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ మిగలలేదు.

బా పోయాక, బండ సారుకే ఇచ్చేద్దామంది అమ్మ. తీసుకుంటాడేమో అడగడానికి జనగామ పోయాను. సారు గదిలో గోడ పొడవునా చేపరాళ్లు ఆనించి ఉన్నాయి. భూపాలపల్లి దిక్కు తిరిగి ఏళ్లకేళ్లుగా పోగుచేసినవట. మా దానికన్నా పెద్దవి, తోక దాకా చెక్కుచెదరనివి.

"మీది ఇంట్లనే ఉండనియ్యి సుమనా," అన్నాడు సారు. "ఉన్నయే ఎక్కువైనయి. పెట్టనీకె జాగ లేక నిరుడు రెండు వేరే కాలేజీకి ఇచ్చిన."