నీళ్ళు పోసినారా?

1946లో నేను చిత్తూరులో ఒక మిషనాసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా ఉండినాను. నర్సు పనంటే సూదులు, కట్లు, తెల్లగౌను అనుకుంటారు శానామంది. మా పనిలో సగం ఒంటికీ రెంటికీ సంబంధించిందే. ఎవరు పోయినారు, ఎవరు పోలేదు, ఎందుకు పోలేదు. వినేదానికి రోతగా ఉంటుంది గానీ, అది ఒక పూట ఆగిపోతే ఎంతటి జమీందారైనా మా కాళ్ళు పట్టుకుంటాడు.

పూతలపట్టు పక్క పల్లెనించి మునెమ్మ అనే పిల్ల తొలికాన్పుకు వచ్చింది. పుట్టింట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అత్త గంగమ్మే తోడొచ్చింది. పాపం, శానా కష్టపడి ఆడబిడ్డను కనింది. మా డాక్టరమ్మ అమెరికా దొరసాని. చెయ్యి బంగారం, తెలుగు మాత్రం పుస్తకం చూసి నేర్చుకునింది. మరుసటి పొద్దున రౌండ్సుకు, అంటే మంచం మంచం దగ్గరా నిలబడి విచారించేదానికి వచ్చి, బాలింత ఒంటికి పోయిందా అనే అర్థంతో "నీళ్ళు పోసినారా?" అని అడిగింది. గంగమ్మ మొగం విప్పారింది. పోసినాము తల్లీ, బాగా పోసినాము అనింది. దొరసాని తల ఊపి పక్క మంచానికి పొయ్యింది. "పోసినాము" అంటే అందరూ కలిసి పోసేదా అది? అక్కడుండే మాకెవురికీ ఆ ఆలోచనే రాలేదు.

మధ్యాన్నం మునెమ్మకు గుడ్డలు మార్చబోయినాను. తగ్గాల్సిన రక్తం ఇంకా ఎక్కువైంది. పొట్టమీద చెయ్యేస్తే గర్భసంచి మెత్తగా, ఒక పక్కకు తోసుకోని ఉండాది. దాని కింద పెద్ద ఉబ్బు. అది మూత్రసంచి. అది నిండిపోతే గర్భసంచిని ముడుచుకోనీదు. గర్భసంచి ముడుచుకోకుంటే రక్తం ఆగదు. అట్లా కండ్లముందరే చల్లబడిపోయిన బాలింతల్ని నేను చూసినాను.

పొద్దున పోసింది ఎంతమ్మా అని గంగమ్మను అడిగినాను.

"కాగు సగం పోసినా సిస్టరమ్మా. కాళ్ళమీద పండబెట్టుకోని పోసి, సాంబ్రాణి పొగ కూడా ఏసినా. పోసినాక హాయిగా నిద్రపొయ్యింది."

ఓరి దేవుడా! మన ఇండ్లల్లో నీళ్ళు పోసేదంటే బిడ్డకు స్నానం. దొరసాని అడిగింది కోడలి సంగతి, ఈమె చెప్పింది మనవరాలి సంగతి. కోడలు కాన్పైనకాడినించి ఒక్క చుక్క పోయలేదు.

దొరసాని ఆపరేషన్లో ఉండాది. కబురంపితే కెథీటర్ వెయ్యమనింది. కెథీటర్ అంటే మూత్రం తీసే సన్న రబ్బరు గొట్టం. అంత పచ్చి ఒంట్లోకి గొట్టం పోతే చీముపట్టే భయముంటుంది, అప్పట్లో దానికి మందులు అంతంత మాత్రం. గొట్టాన్ని ఉడకబెట్టేదానికి పొయ్యిమీదికి ఎక్కించి, అది ఉడికేలోపల ఒక ప్రయత్నం చేసి చూద్దామనుకున్నాను.

ఎందుకు చెప్పలేదే పిల్లా అని గదిమినాను. మునెమ్మ కండ్లనీళ్ళు పెట్టుకునింది.

"మంచంలో యాడ పోసేది సిస్టరమ్మా? అత్త ఎదురుగానే కూర్చోనుండాది."

బెడ్‌పాన్, అంటే పడకలోనే పెట్టే పింగాణీ పాత్ర, మంచం కిందే ఉండాది. పెట్టమని నోరు తెరిచి అడిగేదానికి సిగ్గు. పరదా అడ్డం లాగి, అత్తను బిడ్డతో సహా అవతలికి పంపినాను. పిల్లను నా భుజానికి ఆనించి కూర్చోబెట్టి, కింద పాన్ పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు సన్నగా ధార పోసినాను. రాలేదు. ఇంకో చెంబు పోసినాను. రాలేదు. పాన్‌లో ఎర్రగా మాత్రం చేరతావుండాది. ఇంక గొట్టమే గతి అనుకుంటావుండగా పరదా అవతలనించి వినపడింది.

"స్స్‌స్స్... స్స్‌స్స్..."

చంటిబిడ్డల్ని ఒంటికి కూర్చోబెట్టి ఆడోళ్ళు చేసే సద్దు అది. బిడ్డేమో నిద్రపోతావుండాది. ఆ సద్దు కోడలికి.

"పొయ్యి నా బంగారూ, పొయ్యి. నేను ఆపక్కకు తిరుక్కోనుండాను లే."

మునెమ్మ ముందు బిత్తరపొయ్యింది. తర్వాత నవ్వింది. నవ్వాపుకోలేక నా భుజంలో మొగం దాచుకునింది, ఆ నవ్వుతోనే ధార వచ్చేసింది. ఎంత వచ్చిందంటే, ఇంకో పాన్ తేవాల్సొచ్చింది. నేను ఏసయ్యకు స్తోత్రం చెప్పుకున్నాను, అవతల గంగమ్మ కాణిపాకం వినాయకునికి టెంకాయ మొక్కుకునింది. పొట్ట మెల్లిగా రుద్దితే గర్భసంచి రాయి మాదిరి గట్టిపడింది. రక్తం తగ్గింది. పిల్లను పండబెట్టి పొయ్యికాడికి పోయినాను. ఉడికిన గొట్టాన్ని తుడిచి దాని పెట్టెలో పెట్టేస్తావుంటే, అంత సంతోషంగా ఏ పనీ చేసినట్టు లేదనిపించింది.

ఆ తర్వాత పని మానుకునేదాకా, కొత్తగా ఎవరొచ్చినా నేను ముందు ఒకటే అడిగేదాన్ని. మీ ఇంట్లో చంటిబిడ్డను ఒంటికి కూర్చోబెట్టి ఏమంటారు అని. ఒక్కో ఇంటికి ఒక్కో మాట. అరవం కలిసినోళ్ళది ఇంకో మాట. ఆ మాటతోనే అడిగేదాన్ని, పరదా లాగి, పక్కన ఎవరూ లేకుండా. సిగ్గుకు ప్రాణాలు పోతాయి, నమ్మండి. నవ్వితే నవ్వుకోండి గానీ, మీ ఇంట్లో బాలింత ఉంటే, ఈ పొద్దే పక్కన కూర్చోని అడగండి.