లాభం, రెండు, మూడు

నేను పనిచేసే ల్యాబు తలుపు తెరవగానే వేడెక్కిన మానిటర్ల వాసనలో పులికాట్ సరస్సు గాలి తెచ్చే ఎండుచేపల వాసన కలిస్తే నాకు కస్తూరి మేడం గుర్తొస్తుంది. సూళ్లూరుపేట స్టేషన్ వెనక మేడమీద గదిలో ఆమె నడిపిన కంప్యూటర్ సెంటర్లోనే నేను మొదటిసారి కీబోర్డు తాకాను. ఆమె చేపలు పట్టే వాళ్ళింటి బిడ్డ. హాజరు పేర్లతో పిలిచేది కాదు. బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, మధ్యవేలు నాలుగు, ఉంగరంవేలు ఎనిమిది, చిటికెనవేలు పదహారు. చెయ్యెత్తి కొన్ని వేళ్ళు చాపితే, కూడుకుని ఎవరి నంబరైతే వాళ్ళు పలకాలి. నాది పంతొమ్మిది. బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు లేచేసరికి నేను పలికేదాన్ని.

ప్రోగ్రాముల్లో ఎక్స్, వై అని రాస్తే ఆమెకు నచ్చేది కాదు. రొయ్య, జెల్ల, పీత అని పేర్లు పెట్టించేది. రొయ్య విలువ ఎంతో ముందు రాయకుండా ప్రోగ్రాములో దాన్ని వాడామా, "రొయ్యలు తేకుండానే కూర పొయ్యి మీద పెట్టినావేందిమే!" అని గదంతా వినపడేలా నవ్వేది. ఆ నవ్వుకు భయపడిన వాళ్ళు లేరు.

నా తంటా వేరే. బస్తాల బరువులు కూడే ప్రోగ్రాము రాస్తే ప్రతిసారీ మొదటి బస్తా లెక్కలోంచి ఎగిరిపోయేది. కంప్యూటరు సున్నా నుంచి లెక్కపెడుతుందని తెలుసు, అయినా నా చెయ్యి ఒకటి దగ్గరే మొదలుపెట్టేది. ఒకరోజు అలాగే తప్పు చేశాను, మర్నాడే పరీక్ష. తప్పితే చదువు మాన్పిస్తానని నాన్న ముందే చెప్పాడు. "నాకు రాదు మేడం, రేపట్నుంచి రాను" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీ ఇంట్లో ఒడ్లు ఎట్టా కొలుస్తారు?"

"మా తాత కుంచంతో పోస్తా లాభం, రెండు, మూడు అంటాడు మేడం."

"ఒకటి అనడా?"

"అనడు. శుభం కోసం మొదటిది లాభమే."

"ఒకటి అనలేదని ఆ కుంచెడు ఒడ్లు గోతంలో పడకుండా పోయినాయా?"

"లేదు మేడం, పడతాయి."

"మీ తాత మొదటిదాన్ని లాభం అంటాడు, ఇది సున్నా అంటది. పేరే గదమ్మా తేడా. పోసిన ఒడ్లు పోసినట్టే ఉంటాయి."

మర్నాడు పరీక్షలో రాసిన ప్రోగ్రాములో సున్నాకు లాభం అని పేరు పెట్టాను. మొదటి బస్తా లెక్కలో నిలబడింది. పరీక్ష పెట్టడానికి వచ్చిన సారు ఆ పేరేమిటని అడిగితే, మా తాత లెక్క సార్ అని తలెత్తి చెప్పాను. నాయుడుపేట పక్క పల్లెనుంచి వస్తున్నానని చెప్పడానికే అంతవరకు నాకు నామోషీగా ఉండేది.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. నాకు రాదంటూ లేచిపోబోయే పిల్లలను కూర్చోబెట్టి, మీ ఇంట్లో ఎట్లా లెక్కపెడతారని ముందు అడుగుతాను. ఒక్కొక్కరు చెప్పే లెక్క నాకే కొత్త. అలా అడిగాక ఇంతవరకు ఒక్కరూ మానేసి పోలేదు.