చెప్పులు విప్పే మేస్త్రీ

ఆ మేస్త్రీ ఏ నేలమీదైనా చెప్పులు విప్పి నిలబడ్డాకే మాట్లాడేవాడు. నాకది నటన అనిపించేది. తమిళనాడులోని గుడియాత్తం శివారులో ఒకాయన వేరుశనగ చేనును ఇళ్ల స్థలాలుగా విడదీసే ప్లాను నేనే గీశాను. లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. నాలుగు పక్కలా సమానంగా వచ్చిన ఏడో ప్లాటు నాకోసం ఉంచుకుని, పార్కును మూలకు నెట్టాను.

స్థలం యజమాని వెంట వచ్చిన ఆ మేస్త్రీ ఏడో ప్లాటులో నిలబడి, "ఈడ ఇల్లు వద్దప్పా, పార్కు పెట్టు. అడుగున చల్లగా ఉండాది. నీళ్లు నిలుస్తాయి," అన్నాడు.

"నా టేపు అబద్ధం చెప్పదు," అన్నాను.

"టేపుకు కాళ్లు యాడుండాయి నాయనా?"

యజమాని పగలబడి నవ్వి, ఏడో ప్లాటును పార్కు చేసి, నన్ను మూలకు మార్చాడు.

ఇల్లు కట్టిన ఏడాదే, దీపావళినాటి ఐప్పసి నెల వానలకు పార్కులో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. నా గడప తడవలేదు. కృతజ్ఞత కలగాల్సిన చోట కడుపుమంటే కలిగింది.

ఇప్పుడు కొత్త స్థలానికి వెళితే, ఎవరూ చూడనప్పుడు నేనూ చెప్పులు విప్పి నిలబడతాను. కాళ్లకు రాళ్లే తగులుతాయి.